సన్న పూసల నగలు: చిక్కంతా బెజ్జంలోనే

రెండు వేళ్ల వెడల్పున మణికట్టు పట్టీ ఒకటి అల్లాను. అడ్డంగా 21 పూసలు, నిలువునా 100, మొత్తం 2,100. వారం పాటు రోజూ సాయంత్రం దాంతోనే కూర్చున్నాను. అల్లిక పూర్తయింది, కొక్కెం కుట్టడమూ అయింది. మిగిలిన దారం కొసను లోపలికి దాచేస్తే ఇక చేతికి పెట్టుకోవడమే. అంచు పూసలోకి సూది దూర్చాను. సగం దాకా వెళ్లి బిగుసుకుంది. కొంచెం గట్టిగా లాగాను. టిక్కుమంది. పూస రెండు చెక్కలై ఒళ్లో పడింది. దాన్ని పట్టుకుని ఉన్న దారం వదులైపోయి కొక్కెం పక్కకి వేలాడింది.

పూస నాసిరకం అనుకున్నాను మొదట. కాదు. అల్లేటప్పుడు ఆ పూసలోంచి దారం రెండుసార్లు వెళ్లింది. వరుస మలుపు తిరిగేటప్పుడు ఇంకోసారి. కొక్కెం గట్టిగా ఉండాలని మరో మూడుసార్లు తిప్పాను. అంటే అప్పటికే దానిలో ఆరు పోగులున్నాయి. ఏడో పోగుకి, దాన్ని తీసుకెళ్లే సూదికి లోపల చోటెక్కడిది?

ఒక సంగతిని ఏదీ వదలకుండా వరుసగా చెబితే పూసగుచ్చినట్టు చెప్పారంటాం. దండ గుచ్చడానికి ఆ మాట అతికినట్టు సరిపోతుంది. దారం ఒక పూసలోంచి ఒక్కసారే వెళ్తుంది, ముందుకే పోతుంది, వెనక్కి రాదు. వెనిస్‌లో ఒకప్పుడు 'ఇంపిరారెస్సే' అనే ఆడవాళ్లు ఇదే పని చేసేవారు. ఒళ్లో చెక్క పళ్లెం నిండా పూసలు పోసుకుని, పొడవాటి సూదులను పదుల కొద్దీ విసనకర్రలా చేత పట్టి, పూసల్లో పోనిచ్చి పైకెత్తితే సూదుల నిండా పూసలు ఎక్కేవి. అంత వేగం ఎలా వచ్చిందంటే, ఒక్క పూసకు ఒక్కటే ప్రయాణం కాబట్టి.

అల్లిక వేరు. అల్లికలో దారం వచ్చిన దారినే మళ్లీ వస్తుంది. ఈ వరుస పూసను పై వరుస పూసకు పట్టి ఉంచేది ఆ తిరుగు ప్రయాణమే. అందుకే సన్న పూసలతో నగ చేయడంలో కొత్తవాళ్లను తికమక పెట్టే ప్రతి విషయమూ, అంటే పూస నంబరు, సూది నంబరు, దారం మందం, అల్లిక రకం, చివరికి రంగు కూడా, తిరిగి తిరిగి ఒక ప్రశ్న దగ్గరికే వస్తాయి: ఈ పూస బెజ్జంలోంచి దారం ఎన్నిసార్లు పోవాలి, అన్నిసార్లు పోయేందుకు చోటుందా? ఆ ప్రశ్నను చేత పట్టుకుంటే మిగతా చిక్కులు ఒక్కొక్కటిగా విడిపోతాయి.

బెజ్జం ముందు, పూస తర్వాత

సన్న పూసకు బెజ్జం తర్వాత పొడిచి పెట్టరు. కరిగిన గాజు ముద్ద మధ్యలో గాలి బుడగలా ఒక ఖాళీ చేసి, ఆ ముద్దను పొడుగ్గా లాగుతారు. గాజు ఎంత దూరం సాగితే లోపలి ఖాళీ కూడా అంత దూరం సాగుతుంది. సన్నటి గొట్టం తయారవుతుంది. చల్లారాక ఆ గొట్టాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోస్తారు. కోసిన అంచులు పదునుగా ఉంటాయి కాబట్టి, బెజ్జాలు పూడిపోకుండా పొడి కలిపి, మళ్లీ వేడిచేస్తూ తిప్పుతారు. అంచులు మెత్తబడి గుండ్రమవుతాయి. ఈ చివరి వేడి ఎంత ఎక్కువగా పడితే పూస అంత గుండ్రంగా వస్తుంది. తక్కువ పడితే గొట్టం ఆకారం నిలిచిపోతుంది.

గుండ్రటి పూసకు, సిలిండర్ పూసకు తేడా ఇక్కడే పుడుతుంది. గుండ్రటివి పక్కపక్కన పేరిస్తే మధ్యలో సందులు కనిపిస్తాయి, అల్లిక గింజలు గింజలుగా ఉంటుంది. సిలిండర్ పూసలు పెంకుల్లా ఒకదానికొకటి ఆనుకుని కూర్చుంటాయి, గోడకు పలకలు అతికించినట్టు ఉంటుంది. బొమ్మలు, గళ్లు, అక్షరాలు అల్లాలంటే సిలిండర్ పూసలే మేలు. మెలితిరిగే తాళ్లకు, పువ్వులకు గుండ్రటివి అందం.

ఇప్పుడు మార్కెట్లో దొరికే సన్న పూసల్లో ఎక్కువగా వినిపించే పేర్లు మూడు. చెక్ దేశంలోని యాబ్లొనెత్స్ ప్రాంతం నుంచి వచ్చే ప్రెసియోసా, జపాన్‌లోని హిరోషిమా ప్రాంతం నుంచి వచ్చే మియుకి, తోహో. చెక్ పూసలు తరచుగా దారాలకు గుచ్చిన కట్టలుగా వస్తాయి. ఇవి పైనా కిందా కాస్త నొక్కినట్టుంటాయి, ఒక కట్టలోనే సన్నవీ లావువీ కలుస్తాయి. ఎంబ్రాయిడరీలో ఆ చిన్న తేడాలు బట్ట మీద ప్రాణమున్నట్టు కనిపిస్తాయి, నాకైతే చాలా ఇష్టం. జపాన్ పూసలు ఒకదాని పోలిక ఒకదానికుంటాయి, బెజ్జం పెద్దది. మియుకి వారి డెలికా అనే సిలిండర్ పూస అడ్డంగా సుమారు 1.6 మిల్లీమీటర్లు, పొడవు 1.3, బెజ్జం 0.8. అంటే పూస వ్యాసంలో సగం ఖాళీయే! గోడ అంత పలుచన అన్నమాట. అందుకే దారానికి చోటు ఎక్కువ, బలవంతం చేస్తే విరగడమూ అంతే తేలిక.

మూడు కొలతలు, మూడు దిక్కులు

పూసల డబ్బా మీద 11/0 అని ఉంటుంది. సూదుల ప్యాకెట్ మీద 12 అని ఉంటుంది. దారం మీద డి అనో బి అనో, ఇంకో దారం మీద 6 పౌండ్లు అనో ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టిన వాళ్లు ఈ మూడింటినీ ఒకే రకంగా చదవబోయి ఇబ్బంది పడతారు.

పూసల్లో నంబరు పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది. 6/0 సుమారు 4 మిల్లీమీటర్లు, 8/0 సుమారు 3, 11/0 సుమారు 2, 15/0 సుమారు 1.5. సుమారు అన్న మాట ఊరికే అనడం లేదు. ఈ నంబరు అందరూ ఒప్పుకున్న కొలత కాదు. ఒక కంపెనీ 11/0, ఇంకో కంపెనీ 11/0 పక్కపక్కన పెడితే కంటికే తేడా తెలుస్తుంది. ఒకే వరుసలో రెండు కంపెనీల పూసలు కలిపితే పట్టీ అంచు ఒంకర పోతుంది. కొలత పనికి నంబరును నమ్మకండి, పది పూసలు సూదికెక్కించి స్కేలు పక్కన పెట్టి చూడండి.

సూదుల్లోనూ నంబరు పెరిగితే సన్నమే. 10 మామూలు పనికి, 12 రోజూ వాడుకకు, 13 మరీ ఇరుకైన బెజ్జాలకు. పూసల సూది బట్టలు కుట్టే సూది లాంటిది కాదు. దీని కన్ను కూడా సూది ఒళ్లంత సన్నగానే ఉంటుంది, లేకపోతే కన్ను దగ్గరికొచ్చేసరికి పూసలో ఇరుక్కుంటుంది. పొడుగ్గా ఉంటుంది, వాడగా వాడగా వంగిపోతుంది. వంగిందని బాధపడక్కర్లేదు. నేను వంగిన సూదిని పారేయను, ఇరుకు మలుపుల్లోంచి రావడానికి అదే పనికొస్తుంది. దారం ఎక్కకపోతే దారం కొసను వేళ్లతో నొక్కి బల్లపరుపు చేసి, సూదిని దాని మీదకి తేవాలి. అయినా ఎక్కకపోతే సూదిని అటు తిప్పి చూడండి. కన్ను ఒకవైపు కంటే రెండోవైపు సాఫీగా ఉంటుంది.

దారంలో వ్యవహారం తిరగబడుతుంది. నైలాన్ దారాల్లో బి కంటే డి లావు. అంటే అక్షరం ముందుకు పోయేకొద్దీ మందం పెరుగుతుంది. ఇక 6 పౌండ్లు అన్నది మందం కాదు, ఎంత బరువుకు తెగకుండా ఆగుతుందో చెప్పే లెక్క. ఎందుకంటే ఫైర్‌లైన్ అనే ఆ దారం అసలు చేపల గాలానికి తయారైంది. పూసలవాళ్లు దాన్ని తెచ్చుకుని తమ పనికి వాడుకున్నారు.

ఈ గందరగోళానికి విరుగుడు అన్నింటినీ మిల్లీమీటర్లలోకి మార్చుకోవడమే. డి నైలాన్ దారం సుమారు 0.3. ఆరు పౌండ్ల ఫైర్‌లైన్ సుమారు 0.15. ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఏడు పోగులను కట్టగా పట్టుకుంటే మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు కూర్చుంటాయి. ఆ కట్ట అడ్డం కొలత ఒక పోగుకు సరిగ్గా మూడింతలు. నేను వాడిన డి దారమైతే 0.9 మిల్లీమీటర్లు. నా డెలికా పూస బెజ్జం 0.8. పోగులు మెత్తనివి కాబట్టి ఆరు దాకా నలుగుతూ సర్దుకున్నాయి, ఏడో దాన్ని సూదితో సహా తోసేసరికి గాజు తట్టుకోలేకపోయింది. అదే 0.15 దారమైతే ఏడు పోగుల కట్ట 0.45 మిల్లీమీటర్లే! పూస నిక్షేపంగా ఉండేది. పొరపాటు పూసది కాదు, నేను తీసుకున్న దారానిది.

అలాగని నైలాన్ పనికిరాదని కాదు. నైలాన్‌తో అల్లిన పట్టీ బట్టలా జారుతుంది, చేతికి హాయిగా ఉంటుంది, బోలెడు రంగుల్లో దొరుకుతుంది. కాకపోతే సాగుతుంది. మొదలుపెట్టే ముందే మూరెడేసి చొప్పున చేతులతో లాగి సాగదీసి, తేనెమైనం మీదుగా ఒకసారి లాగాలి. లేకపోతే నగ పెట్టుకున్న నెలకల్లా పూసల మధ్య దారం బయటికి కనిపిస్తుంది. ఫైర్‌లైన్ సాగదు, పదునైన గాజు అంచులకు అంత త్వరగా తెగదు. దాని బూడిద రంగు మాత్రం లేతరంగు పూసలను మసకబారుస్తుంది, వాటికి తెల్లది వాడాలి. గట్టి ప్లాస్టిక్ తీగలా ఉండే ఒంటిపోగు నైలాన్ తీగను మాత్రం అల్లికకు తీసుకోవద్దు. బిర్రుగా నిలబడుతుంది, ముడి జారుతుంది, కాలం గడిచేకొద్దీ పెళుసెక్కి తెగుతుంది.

మొదటి మూడు వరుసలు

అల్లికల్లో పెయోటీతో మొదలుపెట్టమని చెబుతాను. ఈ పేరు అమెరికా ఆదివాసుల పూజా వస్తువుల మీది పూసల పని నుంచి వచ్చింది. ఇదే నిర్మాణం ప్రాచీన ఈజిప్టు పూసల పనిలోనూ ఉంది. చాలామంది దీన్ని మొదటి పది నిమిషాల్లోనే వదిలేస్తారు. కారణం ఒక్కటే, మొదటి మూడు వరుసలు వరుసల్లా కనిపించవు.

దారం కొస దగ్గర ఒక పూసలోంచి దారాన్ని రెండుసార్లు తిప్పి, ఆ పూసను అడ్డుగా ఉంచండి, కొస 30 సెంటీమీటర్లు వదలండి. ఇప్పుడు 10 పూసలు ఎక్కించండి. ఇది ఒక వరుస అనుకుంటారు. కాదు, రెండు. పదకొండో పూస తీసుకుని, పదో పూసను వదిలేసి, తొమ్మిదో పూసలోంచి వెనక్కి రండి. దారం లాగితే కొత్త పూస వెళ్లి పదో పూస నెత్తిన కూర్చుంటుంది. ఇంకో పూస తీసుకోండి, ఎనిమిదిని వదిలి ఏడులోంచి రండి. ఇంకోటి, ఆరును వదిలి ఐదులోంచి. ఇలా చివరికంటా వెళ్తే ఐదు కొత్త పూసలు పడతాయి. వదిలేసిన పూసలు కిందికి దిగుతాయి, దారం దూరినవి పైకి లేస్తాయి. మొదటి పది పూసలు ఇలా విడిపోయి ఐదేసి పూసల రెండు వరుసలవుతాయి.

ఈ దశలో అది పాములా మెలికలు తిరుగుతుంది. పూసలు అటూ ఇటూ దొర్లుతాయి. విసుగొచ్చి పీకేయాలనిపిస్తుంది. ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలి మధ్య గట్టిగా పట్టుకుని ఇంకో రెండు వరుసలు పోనివ్వండి. ఐదో వరుసకల్లా అంచున జిప్పు పళ్లలాంటివి కనిపిస్తాయి, ఒక పన్ను, ఒక సందు, ఒక పన్ను, ఒక సందు. అక్కణ్నుంచి ఆలోచించే పనే లేదు: ప్రతి సందులో ఒక పూస, ప్రతి పన్నులోంచి దారం. ఆ పళ్లు మొదటిసారి కనబడినప్పుడు కలిగే ఆనందం ఇన్నేళ్లయినా నాకు తగ్గలేదు.

వరుసలు లెక్కపెట్టాలంటే ఎడమ అంచున ఉన్న పూసలు, కుడి అంచున ఉన్నవి కలపండి. అక్కడ 8, ఇక్కడ 8 ఉంటే 16 వరుసలు. అడ్డంగా సరిసంఖ్యలో పూసలుంటే రెండు వైపులా మలుపు సులువు. బేసి సంఖ్య తీసుకుంటే బొమ్మ సరిగ్గా మధ్యలోకి వస్తుంది. కానీ ఒక అంచున చివరి పూసను పట్టుకోవడానికి పన్ను దొరకదు, దారం చుట్టూ తిరిగి రావాలి. అక్కడ అంచు పూసల్లో అదనపు పోగులు పడతాయి. నా 21 పూసల పట్టీలో జరిగింది అదే.

మిగతా అల్లికలకు కూడా ఇదే కొలబద్ద పెట్టి చూడండి. పెయోటీలో ఒక్కో పూసలోంచి దారం రెండుసార్లు వెళ్తుంది. పెయోటీని పక్కకి తిప్పి చూస్తే బ్రిక్ అల్లికలాగే ఉంటుంది, రెండింటినీ పక్కపక్కన పెడితే చేయి తిరిగినవాళ్లు కూడా ఒక క్షణం ఆగుతారు. తేడా దారం దారిలో ఉంది. బ్రిక్‌లో సూది కింది వరుస పూసలోకి పోదు, పూసల మధ్య వంతెనలా ఉన్న దారానికి కొక్కెంలా తగులుకుని, కొత్త పూసలోంచి మళ్లీ పైకొస్తుంది. పూసలు పెంచడం తగ్గించడం తేలిక కాబట్టి ఆకులు, త్రికోణాల లాంటి చెవి లోలాకులకు దీన్ని మించింది లేదు. దక్షిణాఫ్రికా న్డెబెలె స్త్రీల పూసల పనిలో కనిపించే హెరింగ్‌బోన్‌లోనూ పూసకు రెండుసార్లే. స్క్వేర్ అల్లికలో మూడు. అది మెల్లగా సాగుతుంది, బలంగా ఉంటుంది.

అసలు పరీక్ష రైట్ యాంగిల్ వీవ్. నాలుగు పూసలతో ఒక చదరం, దాని ఒక గోడ పక్క చదరానికీ గోడ. సూది ఒక చదరంలో కుడివైపుగా తిరిగితే పక్క చదరంలో ఎడమవైపుగా తిరగాలి. దారం ఎప్పుడూ ఒక పూసలోంచి ఎదురుగా ఉన్న పూసలోకి అడ్డదారిన దూకకూడదు, గోడ వెంబడే పోవాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే అల్లిక పట్టుబట్టలా ఒంగుతుంది. తప్పితే ఆ మూల దారం బయటికి కనిపిస్తుంది. పక్కనా పైనా చదరాలు పెరిగేకొద్దీ ఒక్కో పూసలోంచి దారం మూడు నాలుగుసార్లు వెళ్తుంది. 15/0 పూసలతో ఇది చేయాలంటే సన్న దారం, 13 సూది తప్పవు.

మగ్గం మీద అల్లిక వేగంగా సాగుతుంది. పడుగు పోగులు పూసల సంఖ్య కంటే ఒకటి ఎక్కువ కట్టాలి. పేక దారానికి వరుస పూసలన్నీ ఎక్కించి పడుగు కింద నుంచి పైకి నొక్కి, సూదిని పడుగు పైనుంచి వాటిలోకే వెనక్కి తేవాలి. అయితే 21 పూసల పట్టీకి 22 పడుగు పోగులు, రెండు చివర్లా కలిపి 44 కొసలు. అవన్నీ పూసల్లోకి దాచాలి. అల్లికలో మిగిల్చిన సమయమంతా అక్కడ ఖర్చవుతుంది.

రంగు కూడా లోపలే

పూస రంగు పైన ఉందనుకుంటాం. చాలా పూసలకు అది లోపల ఉంటుంది. సిల్వర్ లైన్డ్ అంటే బెజ్జం గోడకు అద్దంలా పూత వేసినది. మెరుపంతా బెజ్జంలోంచే వస్తుంది. కలర్ లైన్డ్ అంటే పారదర్శకమైన గాజుకు లోపల రంగు వేసినది. అస్తమానం సూది రాసుకునే చోట రంగు ఉందని గుర్తుపెట్టుకోండి. పూర్తిగా పారదర్శకమైన పూసకు దారమే లోపలి రంగు. లేత నీలం పూసలను తెల్ల దారంతో కొంత, ఊదా దారంతో కొంత అల్లి చూడండి, ఒకే డబ్బాలోవి అంటే నమ్మరు.

పైపూతలు వేరే కథ. బంగారు రంగు లోహపు పూత వేసిన గాల్వనైజ్డ్ పూసలు డబ్బాలో కళ్లు చెదరగొడతాయి, ఒంటికి రాసుకునే చోట కొన్నాళ్లకు వెలిసిపోతాయి. మియుకి డ్యూరాకోట్, తోహో పర్మాఫినిష్ అన్న పేర్లతో గట్టి పూతవి చేస్తున్నారు, మణికట్టుకు అవే తీసుకోండి. కొన్ని గులాబీ, ఊదా పూసలకు రంగు అద్దకం, అవి ఎండకు పాలిపోతాయి. అనుమానమొస్తే పట్టీ అల్లే ముందే తేల్చుకోవచ్చు: ఐదారు పూసలను గోళ్ల రంగు తుడిచే ద్రవంలో కొంతసేపు నానబెట్టండి, ఇంకో ఐదారింటిని సగం కాగితం కప్పి రెండు వారాలు కిటికీలో ఉంచండి. తేడా వస్తే ఆ పూసలను చెవులకు, గోడ అలంకరణకు వాడుకోవచ్చు.

లెక్క వేసుకుని కూర్చోవాలి

డెలికా పూసలు గ్రాముకు సుమారు 200. నా పట్టీకి 2,100, అంటే పది గ్రాముల పైచిలుకు. ఒకే రంగు డబ్బా రెండోసారి కొంటే ఛాయ కలవకపోవచ్చు, అందుకే మొదట్లోనే కాస్త ఎక్కువ తీసుకోవాలి. దారానికీ లెక్క ఉంది. పెయోటీలో ఒక పూస పడేసరికి దారం రెండు పూసల పొడవు నడుస్తుంది, అంటే 2.6 మిల్లీమీటర్లు. 2,100 పూసలకు ఐదున్నర మీటర్లు, మలుపులు కొసలు కలిపితే ఆరు దాటుతుంది. అంత దారం ఒకేసారి తీసుకుంటే చిక్కుపడుతుంది. ఒకటిన్నర మీటరు చొప్పున తీసుకుని మధ్యలో నాలుగైదుసార్లు అతకాలి.

అతకడంలోనే అసలు మెలకువ. దారం 15 సెంటీమీటర్లు మిగిలినప్పుడే ఆపేయాలి. కొత్త దారాన్ని కొన్ని వరుసల వెనక నుంచి, అల్లిక నడిచిన దారిలోనే మెలికలుగా తెచ్చి, పూసల మధ్య ఉన్న దారానికి ఒకటి రెండు ఒంటి ముడులు వేసి పైకి రావాలి. పాత కొసను వేరే పూసల్లోంచి దాచాలి. ఒకే పూసలో రెండు కొసలు దాచొద్దు. అంచు పూసల్లో అసలు దాచొద్దు, వాటితో కొక్కెం దగ్గర పనుంది. సూది ఆగితే వేళ్లతో తోయకండి. ఒక నంబరు సన్న సూదికి మారండి, అదీ ఆగితే ఇంకో దారి వెతకండి.

పూస ఒకటి ఎక్కువ పడిపోయిందని పది వరుసల తర్వాత గమనిస్తే అల్లిక విప్పక్కర్లేదు. ఆ పూస బెజ్జంలోకి లావు సూది మొన దూర్చి మెల్లగా లోపలికి నొక్కితే గాజు బయటివైపుకు పగులుతుంది, దారం మీద నొక్కుకోదు. కళ్లద్దాలు పెట్టుకోండి, పూస మీద గుడ్డ కప్పండి.

నా పట్టీని నేను విప్పలేదు. కొక్కెం కోసి తీసేశాను. తెల్ల ఫైర్‌లైన్ తీసుకుని, అంచుకు ఎనిమిది వరుసల లోపల, అంతకుముందు ఏ కొసా దాచని చోట మొదలుపెట్టాను. విరిగిన పూస చోట కొత్తది కూర్చి, దాన్నుంచి మధ్యకు వచ్చి, అక్కడ ఐదు పూసల వెడల్పుతో చిన్న నాలుకలా ఎనిమిది వరుసలు కొత్తగా అల్లాను. నాలుక చివర బెజ్జం పెద్దదైన 8/0 పూసలు రెండు కలిపి, కొక్కెం వాటికి కట్టాను. దారం నాలుగుసార్లు తిప్పాను. ఐదోసారి కొస దాచడానికి సూది దూర్చితే ఎక్కడా ఆగకుండా జారిపోయింది.